చింతమ్మ జాగారం

ఒకప్పుడు చింతచెట్టుకు ఆకు ముడవడమే తెలియదు. పగలైనా రాత్రైనా ఆకులు విప్పార్చుకునే ఉండేది. నిద్రొస్తే అట్లాగే నిలబడి ఓ కునుకు తీసేది, అంతే.

అలాంటి ఓ చింతచెట్టు మిరప చేల పక్కన ఉండేది. కాయలు కోయడానికి వచ్చే గురవమ్మ రోజూ పొద్దున్నే దాని కొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టి, తన బుడ్డదాన్ని పడుకోబెట్టేది. "చింతమ్మా, నా బిడ్డ జాగ్రత్త తల్లీ" అని చెప్పి చేలోకి దిగేది.

ఇక చూడాలి చింతమ్మ సంబరం! ఎండ పడకుండా ఆకులు అడ్డం పెట్టేది. కొమ్మను మెల్లగా ఊపేది. బుడ్డది బోసినోటితో నవ్విందా, చెట్టుచెట్టంతా పులకరించిపోయేది.

ఒకసారి బుడ్డదానికి జ్వరం వచ్చింది. మూడు రోజులు కొమ్మకు ఉయ్యాల లేదు. చింతమ్మ ప్రాణం విలవిల్లాడింది. నాలుగో రోజు గురవమ్మ బిడ్డతో వచ్చి, పక్క సాలులో కాయలు కోసే ఆమెతో అంది.

"నిన్న శివరాత్రికి బిడ్డ కోసం జాగారం చేశా వదినా. తెల్లారేసరికి జొరం ఇట్టే దిగింది."

చింతమ్మ విన్నది. విని ఊరుకుంటే ఈ కథే లేదు! "ఒక్క రాత్రి జాగారానికే జ్వరం దిగితే, రోజూ చేస్తే నా బుడ్డదానికి జన్మలో జబ్బు రాదు" అనుకుంది. ఆ రాత్రి నుంచి కన్ను మూస్తే ఒట్టు.

"అక్కా, జాగారం ఏడాదికొక్కసారే చేస్తారు. మర్నాడు దీపాలు పెట్టగానే గుర్రు పెట్టి పడుకుంటారు" అని ఉడత నచ్చజెప్పింది.

"నీకేం తెలుసు, పోవే" అంది చింతమ్మ.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. తర్వాత మొదలయ్యాయి తిప్పలు. ఒళ్ళంతా బరువు. వేళ్ళతో నీళ్ళు తాగడం మొదలుపెట్టి, సగంలోనే ఏం చేస్తోందో మర్చిపోయేది. గాలి ఆప్యాయంగా పలకరిస్తే కస్సుమని లేచేది. ఎన్నాళ్ళ నుంచో తన కొమ్మ మీదే గూడు కట్టుకుని ఉంటున్న పిచ్చుకను పట్టుకుని "ఎవరు నువ్వు?" అని అడిగింది! పాపం, పిచ్చుక బిక్కమొహం వేసింది.

చుట్టుపక్కల చింతలన్నీ ఎర్రెర్రగా చిగురించాయి. చింతమ్మకు మాత్రం చిగురు లేదు సరికదా, ఉన్న ఆకులు కూడా పండి రాలిపోతున్నాయి. "బిడ్డ కోసమేగా, పోనీలే" అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

నిద్ర సుఖమెరగదంటారు చూశారూ, అదే జరిగింది. ఓ మధ్యాహ్నం, మిట్ట ఎండలో, ఉయ్యాల ఊపుతూ ఊపుతూ చింతమ్మ తూలింది. కొమ్మ ఒక్కసారిగా కిందికి వాలింది. ఉయ్యాల జర్రున జారి, నేలకు జానెడెత్తున ఆగింది. బుడ్డది కెవ్వుమంది.

గురవమ్మ పరుగెత్తుకొచ్చి బిడ్డను గుండెకు హత్తుకుంది. దెబ్బ తగల్లేదు. అయినా ఉయ్యాల ముడి విప్పేసింది.

"రేపటి నుంచి ఉయ్యాల ఆ వేపచెట్టుకు కడతా" అంది.

"అట్లా అనబాకమ్మా! దాని కోసమేగా నెల రోజులుగా కన్ను మూయలేదు!" చింతమ్మ బావురుమంది.

"ఏందీ? నెల రోజులా? ఓసి నా పిచ్చితల్లీ!" గురవమ్మ కోపమంతా కరిగిపోయింది. చెట్టు మొదట్లో కూలబడింది. "జొరమప్పుడు నేనూ అంతే. వరసగా రాత్రుళ్ళు నిద్ర లేక, ఓ పూట పాలిస్తూ తూలా. పిల్ల ఒళ్ళోంచి జారబోయింది. మా అత్త లాక్కుని, 'ముందు నువ్వు పడుకో, నువ్వు బాగుంటేనే పిల్ల బాగుంటది' అని తిట్టింది. నీకూ అదే చెప్తున్నా. పగలు నువ్వు చూడు. రాత్రి బిడ్డ నా పక్కలోనే ఉంటది, నేను చూసుకుంటా."

"కునుకైతే తీస్తా గానీ, ఒళ్ళెరగకుండా ఎట్లా పడుకోనమ్మా? ఇన్ని ఆకులు తెరిచి ఉంటే ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది" అంది చింతమ్మ దిగులుగా.

"మూసుకోరాదూ?"

"ఎట్లా మూసుకోవాలో నాకు తెలియదే!"

పొద్దు వాలింది. కూలీలంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. గురవమ్మ మాత్రం కదల్లేదు. ఒక చేత్తో ఒళ్ళో బిడ్డను, ఇంకో చేత్తో చెట్టును జోకొట్టింది. బుడ్డది ఆవులించింది. చిన్ని రెప్పలు మెల్లగా వాలాయి.

చింతమ్మ వంగి ఆ రెప్పల్నే చూసింది. చూసి చూసి, ఓ చిట్టి ఆకును దాని జత ఆకుతో కలిపింది. హమ్మయ్య, ఎంత హాయి! ఇంకో జత, ఇంకో జత. చూస్తుండగానే రెమ్మలన్నీ ముడుచుకున్నాయి.

మర్నాడు గురవమ్మ వచ్చేసరికి పొద్దెక్కినా చింతమ్మ లేవలేదు. "ష్, గట్టిగా మాట్లాడకు" అంది పిచ్చుక. పది రోజులకల్లా కొమ్మకొమ్మకూ చిగురొచ్చింది. పదకొండో రోజు గురవమ్మ ఉయ్యాల తెచ్చి, ఆ కొమ్మకే కట్టింది.

అప్పటినుంచే చింతచెట్టు పొద్దు వాలగానే ఆకులు జతజతగా ముడుచుకుని పడుకుంటోంది. మీరెవరైనా ఆ వేళప్పుడు చిగురు కోయబోయారనుకోండి, అమ్మమ్మలు ఊరుకోరు. "దాన్ని నిద్రపోనీండర్రా, తెల్లారితే ఎవరి బిడ్డకో నీడ పట్టాలి" అంటారు.