ఇంకా రాని రెండు గీతలు

గుంటూరులో పెద్ద ఫొటోలు ప్రింటు చేసే వకుళగారు పొద్దున్నే స్టూడియోకి రాగానే రెండు పనులు చేసేవారు. గోడవారగా ఉన్న వెడల్పాటి ప్రింటర్ మీద పరీక్ష కాగితం తీసేవారు. ఎవరో ఒకరిని తిట్టేవారు. కాగితం మీద అన్ని రంగుల సన్నగీతలూ తెగకుండా పడ్డాయో లేదో చూసుకునేవారు. తిట్లకు ఆ పరీక్ష అక్కర్లేదు. అవి ఎప్పుడూ తెగలేదు.

ఆమె దగ్గర నాలుగేళ్లుగా పని నేర్చుకుంటున్న తబిత ఎవరినీ పల్లెత్తు మాట అనదు. ఏం జరిగినా "పర్లేదు మేడమ్" అంటుంది. వకుళగారు కంటి ఆపరేషన్ చేయించుకుని మూడు వారాలకు తిరిగొచ్చారు. వస్తూనే గుమ్మంలో కొరియర్ అతన్ని దులిపేశారు. అది చూసి తబిత అడిగింది.

"కోపాన్ని దిగమింగుకోవడం గొప్ప అంటారు కదా మేడమ్. నేర్పేవాళ్లు మీరే మింగకపోతే ఎలా?"

వకుళగారు ప్రింటర్ వైపు చెయ్యి చూపించారు. "పరీక్ష కాగితం తియ్యి," అన్నారు.

నీలంలో సగం గీతలు లేవు.

"నేను లేనప్పుడు రోజూ తీశావా?"

"ప్రింటింగ్ పనేం లేదు కదా మేడమ్. సిరా దండగని ఆపేశాను."

మర్నాడే తబిత మొదటి ప్రదర్శన. ఉప్పుమళ్లలో పనిచేసే ఆడవాళ్ల ఫొటోలు ఆరు. మేడమ్ వచ్చాక తీద్దామని ఆగడంతో ఇంకా ఒక్కటీ ప్రింటు కాలేదు. ఆమె గబగబా ప్రింటర్ మీద క్లీనింగ్ బటన్ నొక్కింది. కాగితం తీసి చూసి మళ్లీ నొక్కింది. నాలుగుసార్లయ్యేసరికి ఉన్న గీతలు కూడా కొన్ని పోయాయి. ఐదోసారి నొక్కబోతుంటే వకుళగారు చెయ్యి పట్టుకుని లాగేశారు.

"బుద్ధుందా నీకు? రోజూ తియ్యక లోపల ఎండి గడ్డకట్టిన సిరాని అలా తోస్తే వస్తుందా? గాలెక్కి చస్తుంది!"

"లేదు మేడమ్, నాకు బుద్ధి లేదు!" తబిత అరిచింది. ఆ గొంతు ఆ స్టూడియోలో ఎవరూ విని ఎరగరు. "ఉంటే పోయినేడు హైదరాబాద్ ప్రదర్శనకి నలభై ప్రింట్లూ నేను తీస్తే, కింద మీ పేరొక్కటే వేయించుకున్నప్పుడు నోరు మూసుకుని ఉంటానా? మా అమ్మ ప్రతి ఫొటో కిందా వంగి వంగి నా పేరు వెతుక్కుంది!"

వకుళగారి మొహం ఎర్రబడింది.

"ఏడాది నుంచీ ఇది కడుపులో పెట్టుకుని నాకు టీ ఇస్తున్నావా? ఆ రోజే అడగడానికి ఏం రోగం?"

"అడిగితే తిడతారుగా!"

"తిడతాను. తిట్టి, నీ పేరు వేయిస్తాను."

ఆ తర్వాత ఆమె మెత్తటి గుడ్డను సిరా కరిగించే మందునీళ్లలో తడిపి, సిరా చిమ్మే ప్రింటర్ హెడ్ కింద పరిచి, హెడ్‌ని దానిమీదికి జరిపి వదిలేశారు. మధ్యాహ్నం దాకా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా అన్నాలు తిన్నారు.

మూడింటికి పరీక్ష కాగితం తీశారు. నీలం దాదాపు అంతా వచ్చింది. రెండు గీతలు మాత్రం లేవు.

"రెండే కదా మేడమ్," తబిత అలవాటుగా అంది. "పర్లేదు."

వకుళగారు కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. గుడ్డను మళ్లీ తడిపి హెడ్ కింద పెట్టారు. స్టూలు లాక్కుని తబితకి ఎదురుగా కూర్చున్నారు.

"ఊఁ, చెప్పు. ఇంకా ఏం మిగిలింది?"