చలివేంద్రం దగ్గర బిందెలు

అనగా అనగా, మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఊరొకటి ఉండేది. దాని పేరు కదురుపాడు. ఆ ఊరి చీరల ఎర్రంచు చూసి రాణివాసమే మోజు పడేదట. పడదా మరి! అంత నిగనిగలాడే ఎరుపు చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేదు.

ఆ ఊళ్లో గురవమ్మ అనే ఆవిడ ఉండేది. నేసిన చీర సంతకు పోవాలంటే ముందు ఆవిడ చేతిలో పడాల్సిందే. ఆవిడ చీర పైవైపు చూసేదే కాదు. చటుక్కున తిరగేసి, వెనకవైపు ముడులూ తెగిన పోగులూ వెతికేది. ఆవిడ "ఊఁ" అంటే చీర గట్టెక్కినట్టే. "ఊహూఁ" అంటే నేసినవాడు ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

కదురుపాడులో ఒక మంచి ఆచారం ఉంది. అమ్మిన ప్రతి చీర మీదా కొంత తీసి ఉమ్మడి సొమ్ముగా దాచేవారు. దాన్ని నమ్మకమైన వర్తకుడి వ్యాపారంలో పెట్టేవారు. వచ్చిన లాభంతో, చూపు పోయి మగ్గం దిగిన ముసలివాళ్లకు రోజూ రెండు పూటలా అన్నం వండి పెట్టేవారు. అలా తినేవాళ్లు అప్పటికి నలభై మంది.

ఒక ఏడాది ఆ వర్తకుడు పెద్దవాడైపోయి వ్యాపారం చాలించుకున్నాడు. సొమ్ము ఊరికి తిరిగొచ్చింది. కొత్తవాణ్ణి వెంటనే చూసుకోకపోతే నలభై మందికి పొయ్యి వెలగదు.

నేతగాళ్ల పెద్ద సోమలింగం సభ పెట్టి గురవమ్మను పిలిచాడు.

"ముగ్గురు వర్తకులు మన సొమ్ము అడుగుతున్నారు. నువ్వెళ్లి చూసి రా గురవమ్మా. లాభం ఒక్కటే చూడకు. మన సొమ్ము వల్ల ఎవరికీ కీడు జరగకూడదు. మనవాళ్లు తినే ముద్ద శుభ్రమైన ముద్ద కావాలి. నీ మాటే మా మాట."

గురవమ్మ తల ఊపింది కానీ, మనసులో మాట వేరు. ఆవిడ ఎప్పుడో తేల్చేసుకుంది. ఆ ముగ్గురిలో పుణ్యకీర్తి అని అద్దకం కార్ఖానా యజమాని ఉన్నాడు. కదురుపాడు ఎర్ర నూలంతా ఆయన కార్ఖానాలో రంగు వేసిందే. మూడేళ్ల కిందట మండుటెండలో గురవమ్మ దారిలో సొమ్మసిల్లితే, ఆయన పెట్టించిన చలివేంద్రంలో నీళ్లు పోసి ఆవిడ ప్రాణం నిలబెట్టారు. అంతటి ధర్మాత్ముణ్ణి పరీక్షించడమేమిటి, చాదస్తం కాకపోతే! సరే, సభ చెప్పింది కదా అని బయలుదేరింది.

మొదట కలప వర్తకుడు మణిదత్తుడి దగ్గరికి వెళ్లింది. ఆయన ఎదురొచ్చి పన్నీరు చల్లాడు.

"ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటిస్తాను తల్లీ! రండి, చూపిస్తాను."

చూపించాడు. కొండ వాలు పొడుగునా వరసలు వరసలుగా మొక్కలు. ఒక్కో వరస దగ్గర ఆయన పేరు రాసిన పలక. గురవమ్మ ముచ్చట పడి, ఒక మొక్క ఆకు నిమురుదామని వంగింది. మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది! దానికి వేరు లేదు. ఇంకొకటి లాగింది. దానికీ లేదు. కొట్టిన చెట్ల కొమ్మలు విరిచి, మట్టిలో గుచ్చి, పైన నీళ్లు చల్లారంతే. కొండ అవతలికి వెళ్లి చూస్తే పచ్చటి ఆకు ఒక్కటి లేదు, నున్నగా గొరిగేసి ఉంది.

గురవమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇదేం చోద్యమయ్యా!" అంటే మణిదత్తుడు నవ్వేసి, "చూసేవాళ్లంతా గుర్రం మీంచే చూసి వెళ్తారు తల్లీ, మొక్క పీకి చూసినవాళ్లు మీరే" అన్నాడు. సిగ్గనేది మచ్చుకైనా లేదు ఆ మనిషికి!

రెండోది పెంకుల బట్టీ. దాని యజమాని ఓబన్న పన్నీరూ చల్లలేదు, పలకలూ చూపలేదు. మోకాళ్ల దాకా మట్టితో వచ్చి, "ముందు ఇటు రండమ్మా" అని ఒక పెద్ద గొయ్యి దగ్గరికి తీసుకెళ్లాడు.

"మట్టి తవ్విన గొయ్యి ఇది. పోయినేడు ఒక పిల్ల ఇందులో పడి కాలు విరగ్గొట్టుకుంది. వైద్యం చేయించాను. కంచె వేశాను. ఇంకా పూడ్చలేదు, తప్పు నాదే. అదిగో, ఆ పక్క చేలో నువ్వులు నా పొగకు మాడిపోయాయి. పంట నష్టం ఇచ్చుకుని, పొగగొట్టం ఎత్తు చేశాను. గాలి తిరిగితే ఇప్పటికీ కొంచెం పోతూనే ఉంటుంది."

గురవమ్మ విస్తుపోయింది. సొమ్ము అడిగేవాడు ఎవడైనా తన తప్పులు తనే ఏకరువు పెడతాడా? ఇంతలో మట్టి తొక్కుతున్న ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని, వచ్చిన మనిషి ఎదురుగానే గొంతెత్తింది.

"ఎండకు నీడ పందిరి వేయిస్తానని ఉగాదికి చెప్పావు ఓబన్నా! ఏదీ పందిరి? మాట ఇచ్చేముందు ఆలోచించుకోవద్దా?"

"వేయిస్తానమ్మా, ఈ వారంలో వేయిస్తాను" అని ఓబన్న తల గోక్కున్నాడు.

గురవమ్మకు కంపరం పుట్టింది. యజమానిని పట్టుకుని ఆ మాటలేమిటి! అదుపూ ఆజ్ఞా లేని చోట సొమ్ము పెడితే మిగులుతుందా? ఓబన్నకు మనసులోనే "ఊహూఁ" అనేసి బండెక్కింది.

ఇక మూడోవాడు. పుణ్యకీర్తి కార్ఖానా మొగలిపల్లెలో ఉంది. ఊరి మొదట్లోనే ఆ చలివేంద్రం! తాటాకు పందిరి, వరసగా కొత్త కుండలు, వట్టివేళ్ల వాసన. గురవమ్మ దోసిలి పట్టి కడుపారా తాగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఈ చేతికే మా సొమ్ము" అనుకుంది.

దోసిలి దించి చూస్తే పక్కన వరస కనబడింది. బాటసారులు కారు. బిందెలు చంకన పెట్టుకున్న ఆడవాళ్లు. అరవై, డెబ్బై బిందెలు.

గురవమ్మకు విచిత్రంగా తోచింది. చివర నిలబడ్డ ఒకామెను పలకరించింది. ఆమె పేరు పోలమ్మ.

"ఏ ఊరు వెళ్తున్నారమ్మా మీరంతా?"

"ఎక్కడికీ వెళ్లట్లేదక్కా. ఈ ఊరే మాది."

"మరి ఊళ్లో బావి లేదా?"

"లేకేం, మూడున్నాయి" అంది పోలమ్మ. అని, భయం భయంగా పందిరి వైపు చూసి, "చలువ నీళ్లు ఇస్తున్నారు, పుణ్యకీర్తిగారు చల్లగా ఉండాలి" అని గట్టిగా అంది.

వెనకామె కూడా అదే మాట అంది. ఆ వెనకామె కూడా అక్షరం పొల్లుపోకుండా అదే అంది. మూడు బావులున్న ఊరికి చలివేంద్రం నీళ్లేమిటి?

ఆవిడ పందిరి దాటి ఊళ్లోకి నడిచింది. సందులో పడి, కనబడిన మొదటి బావి దగ్గరికి వెళ్లి చేద వేసింది. తోడి, అరచేతిలోకి వంపుకుంది.

ఏమని చెప్పను పిల్లలూ! ఆ నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

గబగబా చెయ్యి కొంగుకు తుడుచుకుంది. కొంగు మీద మరక పడింది. చూస్తే ఆ మరకా, తను కట్టుకున్న చీర అంచూ ఒకటే రంగు. అదే ఎరుపు. ఇన్నేళ్లూ భేష్ భేష్ అని తను "ఊఁ" కొట్టిన ఎరుపు. గురవమ్మ బావి గట్టు మీద కూలబడింది.

వెంట వచ్చిన పోలమ్మ అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది.

"మునుపు చిరివేరు అని, ఒక మొక్క వేళ్లతో రంగు వేసేవారక్కా. ఇరవై రోజుల పని. ఇప్పుడు ఓడల మీద ఏదో పొడి వస్తోంది. రెండు రోజుల్లో అయిపోతుంది. మురుగంతా వాగులోకే. వాగు చచ్చింది, తర్వాత బావులు చచ్చాయి. మా ఆయన రంగు తొట్లలో దిగి పని చేస్తాడు. చేతి గోళ్లు ఊడిపోయాయి."

"రాజుగారికి చెప్పుకోలేదా తల్లీ!"

"చెప్పుకుందామని ఇద్దరు బయలుదేరారు. మర్నాటి నుంచి వాళ్ల బిందెలు ఖాళీగా తిరిగొచ్చాయి. ఇంట్లో చంటిపిల్లలు. వారం తిరక్కుండానే ఊరు వదిలిపోయారు. ఎవరైనా వచ్చి అడిగితే ఏమనాలో మాకు ముందే చెప్పి పెడతారు."

బావులు పాడు చేసినవాడే నీళ్లు పోస్తున్నాడు! ఆ నీళ్లతోనే ఊరి నోరు కట్టేశాడు! ప్రాణం పోసిందని మూడేళ్లుగా తను మొక్కుతున్న పందిరి ఇదా!

తిన్నగా కార్ఖానాకు వెళ్లి పుణ్యకీర్తిని నిలదీసింది. ఆయన కోపగించుకోలేదు. పట్టు పరుపు మీద కూర్చోమన్నాడు.

"ఎరుపు ఇంకా ఎర్రగా కావాలి, ధర ఇంకా తగ్గాలి అని నాకు కబురు పెట్టిందెవరు గురవమ్మగారూ? మీ సభే కదా! మీరు అడిగిందే నేను ఇచ్చాను. ఆ బావుల సంగతి మీకెందుకు? నా దగ్గర సొమ్ము పెట్టండి. మీ ముసలివాళ్లకు రెండు పూటలా అన్నం, పండగకు పాయసం. ఆ బట్టీవాడి లాభంతో ఒక్క పూట గడిస్తే గొప్ప."

గురవమ్మ గిరుక్కున తిరిగి బండి దగ్గరికి నడిచింది. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే ఆవిణ్ణి ఎక్కువ కలిచివేసింది.

తిరుగుదారిలో బండి ఓబన్న బట్టీ ముందునుంచే వెళ్లింది. అక్కడ నీడ పందిరి లేస్తోంది. మట్టి తొక్కే ఆమె కింద నిలబడి, గుంజ వంకరగా పాతావని ఓబన్నను ఇంకా దులిపేస్తోంది. తను చూసిన మూడు చోట్లలో జనం నోరు విప్పి తిట్టగలిగింది ఇక్కడొక్కచోటే అని గురవమ్మకు అప్పుడు తట్టింది. అదుపు లేదని తను కొట్టిపారేసింది దీన్నే! సిగ్గుతో తల దించుకుంది.

సభలో అన్నీ చెప్పింది. సగం మంది నమ్మలేదు. "నీకు ప్రాణం పోసినవాడి మీదే నిందా!" అన్నారు కొందరు. కొంగు మరక చూపిస్తే నోళ్లు మూతపడ్డాయి. సోమలింగం మాత్రం తల పట్టుకున్నాడు.

"నిజమే కావచ్చు గురవమ్మా. కానీ ఓబన్న లాభంతో ఒక్క పూటే గడుస్తుంది. నలభై మంది ముసలాళ్ల నోటి దగ్గరి ముద్ద లాగేయమంటావా? ఆ మాట వాళ్లకు ఎవరు చెబుతారు?"

"చెప్పక్కర్లేదు, వింటున్నాం" అన్నాడు మూలనుంచి ఈరన్న తాత. చూపు పోయి పదేళ్లయింది ఆయనకు. సభ అంతా అటు తిరిగింది.

"గురవమ్మా, ఆ పల్లెలో నా ఈడువాళ్లు ఉన్నారా?"

"ఉన్నారు తాతా."

"బిందె పట్టుకుని వరసలో నిలబడలేనివాళ్లు ఏం తాగుతారమ్మా?"

"ఎవరైనా తెచ్చి పోస్తే తాగుతారు. పోయకపోతే లేదు తాతా."

తాత సోమలింగం గొంతు వినబడిన వైపు తిరిగాడు.

"మన ఉమ్మడి సొమ్ము ఎర్రంచు చీరల మీద తీసిందే కదూ?"

"అవును తాతా" అన్నాడు సోమలింగం.

"అయితే ఇన్నాళ్లూ నేను తిన్న అన్నం ఆ బావులను చంపి వండిందే" అన్నాడు తాత. "నాకు ఒక్క పూట చాలు."

సోమలింగం వెక్కి వెక్కి ఏడ్చాడు.

సొమ్ము ఓబన్న బట్టీలో పెట్టారు. రెండో పూట అన్నం ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుని పెట్టారు. వాగులోకి మురుగు ఆగేదాకా ఎర్ర నూలు కొనేది లేదని పుణ్యకీర్తికి కబురు పంపారు. రెండేళ్లు ఊరంతా పసుపంచు చీరలే నేసింది. పెళ్లివారు సణిగారు, కొందరు తిట్టిపోశారు. కొనేవాళ్లు లేక పుణ్యకీర్తి దారికొచ్చాడు. పొడి మానేసి మళ్లీ చిరివేరు పట్టాడు. మొగలిపల్లె బావులు తేరుకోవడానికి మాత్రం ఏడు వానాకాలాలు పట్టింది. అప్పటికి ఈరన్న తాత లేడు.

కాబట్టి పిల్లలూ, ఒక చేతిలో మీ సొమ్ము పెట్టేముందు ఆ చెయ్యి ఎంత దానం చేస్తోందని కాదు, ఎవరి దగ్గర ఏం లాక్కుని ఇస్తోందని అడగాలి. ఆ జవాబు అక్కడి జనం భయం లేకుండా చెప్పగలిగిన చోటే సొమ్ము పెట్టాలి.