ఖాళీగా తిరిగొచ్చిన వెండి గిన్నె

ఆశ్వయుజ శుద్ధ దశమి, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ, అనగనగా ఒక రాజుగారింటికి ఒక వెండి గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

ఆ రాజు పేరు సోమకేతుడు. ఆయనది మంజీరపురం. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు, నడిపివాడు వాగీశుడు, చిన్నవాడు నందకుడు. దసరాకు ముందు రాణి కనకాంబ అరిసెలు వండి, అమ్మవారికి నైవేద్యం పెట్టి, ఆ గిన్నె నిండా సర్ది, ఏడు సముద్రాల అవతలి పగడాలదీవి రాజుగారింటికి పంపింది. అది రెండిళ్ళకూ తాతల నాటి ఆనవాయితీ. ఇంకొకరి గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. గుప్పెడు బియ్యమో, చిటికెడు పంచదారో వేసి పంపాలి. మన ఇళ్ళలో ఇప్పటికీ అంతే. ఆ రోజు ఆ గిన్నెలో చిటికెడు పసుపైనా లేదు.

పండగపూట, నిండు సభలో, సోమకేతుడి మొహం నల్లబడిపోయింది.

"ఏమైందో కనుక్కోండి," అంది రాణి.

ఆయన కనుక్కోలేదు. ఓడలు పంపాడు.

పగడాలదీవి వాళ్ళూ ఓడలు పంపారు. నడుమ ఉన్న గంధదీవి వాళ్ళు రెండు వైపులకూ బాణాలు మోశారు. ఏళ్ళ తరబడి సముద్రం మీద పొగ తగ్గలేదు. ఎవరూ గెలవలేదు. ఓడలు కట్టడానికి చెట్లు మిగలక యుద్ధం ఆగింది.

యుద్ధం ఆగింది గాని, పట్టుబడినవాళ్ళు ఇళ్ళకు రాలేదు. ఏడో సముద్రం నడుమ రాతిమేడలో ధూమకంఠుడనే మాంత్రికుడు ఉండేవాడు. అతను మూడు రాజ్యాలకూ వచ్చి, "ఎవరు మొదలెట్టారో తేలనివ్వండి. తేలాక ఎవరి మనుషుల్ని వాళ్ళు తీసుకుపోదురుగాని. అందాకా నా దగ్గర ఉంచండి, నేను మధ్యవర్తిని," అన్నాడు. అందరూ సరేనన్నారు. అతను వాళ్ళనందరినీ రాతి స్తంభాలు చేసి తన మండపానికి నిలబెట్టుకున్నాడు. అందులో జయంతుడూ ఒకడు.

ఏటా ఆ మండపంలో వాదన జరిగేది. సోమకేతుడు నడిపి కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. "మీరే మొదలెట్టారు," అనేవాడు వాగీశుడు. "కాదు, మీరే," అనేవారు పగడాలదీవి పండితులు. "మీరిద్దరూనే," అనేవారు గంధదీవి వాళ్ళు. వాగీశుడు గొంతు పోయి తిరిగొచ్చేవాడు. తల్లి మిరియాల కషాయం కాచి ఇచ్చేది. "ఈ ఏడూ తేలలేదమ్మా," అనేవాడు.

రాణి రోజూ పెద్దకొడుక్కి ఆకు వేసి వడ్డించేది. అతనికిష్టమని నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేసేది. అందరూ తిని లేచాక ఆ ఆకు తీసుకెళ్ళి ఆవుకు పెట్టేది. ఒకసారి దాసీ ఆ అన్నం కాకులకు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. కాకికి పెట్టేది పోయినవాళ్ళకు కదా. దాసీ సిగ్గుపడి తల వంచుకుంది.

అది చూసిన నందకుడు, "అమ్మా, నేను వెళ్ళి అన్నయ్యను తీసుకొస్తాను," అన్నాడు.

"నీకు వాదించడం రాదు కదరా."

"రాదు. అడగడం వచ్చు."

రాణి దేవుడి గూట్లోంచి ఆ వెండి గిన్నె తీసి కొడుకు చేతిలో పెట్టింది.

ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎండ కాగుతోంది. దాని వీపు మీద పాత బాణం విరిగిన గుర్తు ఉంది.

"తాబేలు తాతా, నన్ను పగడాలదీవికి చేరుస్తావా?"

"ఎందుకు, మళ్ళీ కొట్టుకోవడానికా?"

"ఒక మాట అడగడానికి."

"అయితే ఎక్కు. కొట్టుకోవడానికి వెళ్ళేవాళ్ళకు ఓడలున్నాయి, అడగడానికి వెళ్ళేవాళ్ళకు నేనే దిక్కు," అంది తాబేలు. దారిలో ఒక రహస్యం చెప్పింది. "మాంత్రికుడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది. మేడ కింద ఈదుతుంటే విన్నాను. ఆ చిలకకు పండ్లక్కర్లేదు. 'మీరే మొదలెట్టారు' అన్న మాటే దాని మేత. తప్పు చేసిన ముగ్గురూ తమ నోటితో తమ తప్పు చెప్పుకుంటే, మరి అది బతకదు."

ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, ఏడు సముద్రాలూ దాటారు. పగడాలదీవిలో రాజు యుద్ధంలో పోయాడు. ఆయన కూతురు విద్రుమ సింహాసనం మీద ఉంది. నందకుడు గిన్నె ఆమె ముందు పెట్టాడు.

"ఓడలు ముందు పంపింది మేమే. అది మా నాన్నగారి తప్పు. కానీ ఈ గిన్నె ఖాళీగా ఎందుకొచ్చిందో అడగడానికి వచ్చాను."

విద్రుమ గిన్నె చేతిలోకి తీసుకుంది.

"ఇన్నేళ్ళలో ఈ మాట అడిగింది మీరొక్కరే. అరిసెలు వచ్చిన పొద్దునే మా బామ్మ పోయింది. మైలింటి నుంచి గింజైనా పెట్టి పంపకూడదు కదా. మైల తీరేదాకా ఉంచుకోవలసింది. అప్పుడు నేను చిన్నపిల్లని, ఇంకొకరి గిన్నె ఈ ఇంట్లో ఎందుకని కడిగి పంపేశాను. కబురు మాత్రం గిన్నె తీసుకెళ్ళిన గంధదీవి ఓడ సరంగు ముత్తయ్యతో చెప్పి పంపాను. మీకు అందలేదా?"

అందలేదు. ఇద్దరూ తాబేలు వీపెక్కి గంధదీవికి వెళ్ళారు. ఆ ఓడ నడిపిన సరంగు ముత్తయ్య ముసలివాడైపోయి వలలు బాగుచేసుకుంటున్నాడు. గిన్నె చూడగానే చేతిలో దారం జారిపోయింది.

"గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి బాబూ. పండగపూట చావుకబురు ఎట్లా చెప్పను? సాయంత్రం చెబుదామనుకున్నా. సాయంత్రానికి మీ ఓడలు కదిలాయి. ఆ తరవాత చెబితే నన్ను బతకనిస్తారా అని భయపడ్డా. ఆ మాట ఇన్నేళ్ళూ నా కడుపులోనే ఉంది."

"మాతో రా తాతా," అంది విద్రుమ. ముత్తయ్య వల మడిచి పక్కన పెట్టి లేచాడు. దారిలో నందకుడు చిలక సంగతి ఇద్దరికీ చెప్పాడు.

వాళ్ళు రాతిమేడకు చేరేసరికి ఆ ఏటి వాదన జోరుగా సాగుతోంది. పంజరంలో చిలక బాగా బలిసి ఉంది. నందకుడు అన్నగారి స్తంభాన్ని వెతికి పట్టుకున్నాడు. మనిషంతా రాయి, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

మాంత్రికుడు అతని పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "చిన్నరాజా, ఈ ఒక్కణ్ణీ ఇప్పుడే ఇచ్చేస్తాను. పగడాలదీవి వాళ్ళే మొదలెట్టారని నువ్వూ ఒక్కసారి అను, చాలు."

నందకుడికి తల్లి వేసే ఆకు గుర్తొచ్చింది. అన్నగారి కళ్ళల్లోకి చూశాడు. చుట్టూ ఉన్న మిగతా స్తంభాలను చూశాడు. వాటన్నిటి కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"అనలేను," అన్నాడు.

అప్పుడు విద్రుమ సభ మధ్యకు వచ్చి, "ఖాళీ గిన్నె పంపింది నేనే," అంది. చిలక రెక్క ఒకటి వేలాడింది. ముత్తయ్య వచ్చి, "కబురు దాచింది నేనే," అన్నాడు. రెండో రెక్కా వేలాడింది. ఇక మిగిలింది సోమకేతుడు.

"నాన్నగారూ, ఒప్పుకోకండి. మన పరువు పోతుంది," అన్నాడు వాగీశుడు.

మాంత్రికుడు నవ్వాడు. సోమకేతుడు తన ఆసనం దిగి విద్రుమ దగ్గరకు వచ్చాడు.

"మీ బామ్మగారి పేరేమిటమ్మా?"

"సుభద్రమ్మ."

"ఆ రోజు నేను అడగవలసిన మాట ఇదే. అడగలేదు. గిన్నె ఖాళీగా పంపిన తప్పు మీది, మౌనం ముత్తయ్యది. యుద్ధం మాత్రం నాది," అన్నాడు.

చిలక నోరు తెరిచింది. మేత లేదు. అలాగే ఒరిగిపోయింది. మాంత్రికుడు పొగై కిటికీలోంచి వెళ్ళిపోయాడు. స్తంభాలన్నీ మనుషులై, ఒకరి చేతులు ఒకరు తడుముకున్నారు. వాగీశుడు అన్నగారి కాళ్ళ దగ్గర కూర్చుని, గొంతు లేనివాడిలా ఏడ్చాడు.

మంజీరపురం చేరిన రోజునే, గోధూళి వేళ, నందకుడికీ విద్రుమకూ పెళ్ళయింది. ముసలి తాబేలుకు ముందు వరసలో పీట వేశారు. ఆ తరవాత వాళ్ళిద్దరూ రెండు రాజ్యాలనూ చాలాకాలం చల్లగా ఏలారు. వాళ్ళ కాలంలో ఓడలకని చెట్లు కొట్టలేదు. అయితే సముద్రంలో పోయినవాళ్ళు ఏ మంత్రం విడిపోయినా రారు కదా. ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఆకులు వేస్తూనే ఉన్నారు.

పెళ్ళయిన మర్నాడు పొద్దున్నే కనకాంబ జయంతుడికి ఆకు వేసింది. చెంచాడు నెయ్యి ఎక్కువ వేసింది. అతను ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆ పూట ఆవు వచ్చి, కాసేపు నిలబడి, ఊరికే వెళ్ళిపోయింది. తరవాత అత్తాకోడళ్ళిద్దరూ అరిసెలు వండి, మనిషి తిరిగిరాని ఇళ్ళన్నిటికీ ఒక్కొక్క గిన్నె పంపారు. గిన్నెలు తిరిగొచ్చాయి. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో బెల్లం ముక్క, ఒకదాంట్లో రెండు నందివర్ధనం పూలు.

ఒక గిన్నె మాత్రం ఖాళీగా వచ్చింది.

సోమకేతుడు లేచి, చెప్పులు వేసుకుని, ఆ ఇంట్లో ఏమైందో అడగడానికి తనే బయలుదేరాడు.