సుంకమ్మ మలుపు

మన అవ్వల అవ్వలకు అవ్వలు కూడా పుట్టకముందు, పెన్నలో ఏడాది పొడుగునా నీళ్ళు పారే రోజుల్లో (నమ్మండి, పారేవి), ఏటి ఒడ్డున ఒక నరసింహస్వామి గుడి ఉండేది. ఆ గుడికి అలివేలు అని ఒక ఏనుగు ఉండేది. రోజూ తెల్లవారగానే స్వామి స్నానానికి ఏటి నుంచి బిందెడు నీళ్ళు వీపున మోసుకొచ్చేది. ఊరంతా దానికి మొక్కేది. మావటి హుసేనప్పకు మాత్రం అది కూతురు.

ఏటి నుంచి గుడికి వచ్చే తోవలో మూడు మలుపులు. మొదటిది కుమ్మరోళ్ళ దగ్గర, రెండోది సాలెవాళ్ళ దగ్గర, మూడోది బొరుగులు వేయించే సుంకమ్మ గుడిసె దగ్గర. స్వామి నీళ్ళు వస్తుంటే మావటి ముందు నడవకూడదు, నోరు విప్పకూడదు. మూతికి గుడ్డ కట్టుకుని వెనకే రావాలి. అది గుడి కట్టుబాటు. ఇంకొకటి కూడా ఉంది. మూడుసార్లు నీళ్ళు ఒలికితే ఆ ఏనుగును అడవిలో వదిలేయాలి.

అలివేలు ముసలిదైంది. కళ్ళకు పొరలు కమ్మాయి. ఒకరోజు కుమ్మరోళ్ళ గోడకు గుద్దుకుంది, నీళ్ళు ఒలికాయి. మర్నాడు సాలెవాళ్ళ గోడకు గుద్దుకుంది, మళ్ళీ ఒలికాయి. ఇంకొక్కసారి ఒలికితే అడవే. చూపు లేనిది అడవిలో ఎన్నాళ్ళు బతుకుతుంది? హుసేనప్ప సుంకమ్మ గుడిసె ముందు కూలబడి ఏడ్చాడు.

సుంకమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక పొయ్యి, ఒక మూకుడు, వేయించడానికి కాస్త ఇసుక, అంతే ఆస్తి. సంగతంతా విని, బొరుగులు జల్లిస్తూనే అంది.

"నోరు కట్టింది నీకు గదప్పా. మాకెవరు కట్టినారు?"

ఆ సాయంత్రమే కుమ్మరోళ్ళకు చెప్పింది, సాలెవాళ్ళకు చెప్పింది, తనకు తాను చెప్పుకుంది. తెల్లారి అలివేలు మొదటి మలుపుకు రాగానే కుమ్మరామె అవతల నిలబడి "ఇట్ల రా తల్లీ, నేనుండాను" అంది. రెండో మలుపులో సాలె తాత "ఇట్ల రా తల్లీ, నేనుండాను" అన్నాడు. మూడో మలుపులో సుంకమ్మ "ఇట్ల రా తల్లీ, నేనుండాను" అని తొండంలో గుప్పెడు బొరుగులు పోసింది. చుక్క తొణకలేదు.

ఏళ్ళు గడిచాయి. పొద్దున్నే ఈ పిలుపులేమిటని ధర్మకర్త వెంకోబయ్య ఆరా తీశాడు. అంతటి తల్లి వాకిట్లోంచి పోతుంటే పలకరించకుండా ఎట్లా సామీ అంది సుంకమ్మ. ఆయనకు ఆ భక్తి తెగ నచ్చేసి, మర్నాడు తానూ ఆ తోవలోనే ఉన్న తన వాకిట్లో నిలబడి పిలిచాడు. అలివేలు నేరుగా ఆయన గుమ్మానికే వచ్చి, అక్కడ కట్టిన అరటిపిలకలు రెండూ నమిలేసింది. నీళ్ళు మాత్రం ఒలకలేదు. ఆయన దాని కళ్ళలోకి చాలాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఒక చలికాలం సుంకమ్మ చనిపోయింది. ఊరు ఊరంతా వచ్చి సాగనంపింది. ఆ దుఃఖంలో మూడో మలుపు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాడు అలివేలు మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు తిరిగింది. మూడో మలుపులో ఆగింది. చెవులు విప్పి వింది. పిలుపు లేదు. ఒక అడుగు వేసింది, బిందె ఊగింది. హుసేనప్ప చెయ్యి మూతిగుడ్డ మీదికి పోయింది.

అప్పుడు సుంకమ్మ గుడిసె వాకిట్లోంచి ఒక గొంతు వినిపించింది.

"ఇట్ల రా తల్లీ. నేనుండాను."

ధర్మకర్త వెంకోబయ్య. పట్టుపంచె ఎగ్గట్టి, గుప్పెడు బొరుగులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరటిపిలకలు పోయిన రోజే ఆయనకు అంతా తెలిసిపోయింది. తెలిసీ ఊరుకున్నాడు. హుసేనప్ప గుడ్డ చాటున ఏడుస్తూనే నవ్వాడు. ఆ రోజూ చుక్క తొణకలేదు.

అలివేలు పోయి ఎన్ని తరాలైందో. ఇప్పుడు స్వామి నీళ్ళు మనిషి భుజం మీద వస్తాయి. ఆ మనిషికి కళ్ళు బాగానే కనిపిస్తాయి. అయినా సుంకమ్మ మలుపులో రోజూ ఎవరో ఒకరు నిలబడి పిలుస్తారు, బొరుగులు పంచుతారు. ఆ ఊళ్ళో తోవ అడిగి చూడండి. వేలు చూపించరు. నాలుగడుగులు ముందుకు వెళ్ళి నిలబడి, "ఇట్ల రా, నేనుండాను" అంటారు.