ఆఖరి దోసెడు నీళ్ళు

అనగా అనగా, విరోధి నామ సంవత్సరం, రోళ్ళు పగిలే రోహిణి కార్తె. సోమగిరిని ఏలే కుమారభూపతికి ఒక పంతం పుట్టింది. "ఆనందం అంటే ఏమిటో ఈ కార్తె దాటేలోగా నాకు తెలియాలి!"

"హంసతూలికా తల్పమే ఆనందం, ప్రభూ!" అన్నాడు మంత్రి. రాజు పడుకున్నాడు. కాసేపు హాయి, ఆపైన నడుము నొప్పి. "ఇది సుఖం మాత్రమే" అన్నాడు.

"విందే ఆనందం!" అన్నాడు వంటపెద్ద. రాజు కడుపారా తిన్నాడు. "ఇది తృప్తి. పొద్దు వాలేసరికి మళ్ళీ ఆకలి."

"పొగడ్తే ఆనందం!" అన్నాడు ఆస్థాన కవి. పద్యం సాగినంతసేపూ రాజు ముఖం వెలిగింది. పద్యం ఆగింది, వెలుగూ ఆరింది. "ఇది సంతోషం. నిలవదు."

రాజు విసిగిపోయి, గుర్రమెక్కి ఒంటరిగా బయలుదేరాడు. దారిలో దాహం ముదిరింది. రాళ్ళపాడు పొలిమేరలో ఒకటే కేకలు. "చెమ్మ! చెమ్మ తగిలింది!"

ఊరంతా కొత్త బావి చుట్టూ ఉంది. పాత బావులన్నీ ఎండిపోయాయి. ఇందులోనూ నీళ్ళు పడకపోతే తెల్లారి ఊరు ఖాళీ చేయాలి. బండ్లు కట్టే ఉన్నాయి. అడుగున బండ అడ్డం పడింది. దాని పగులు సన్నం, గునపం మొన దూరడం లేదు.

బావి తవ్వే జాలమ్మ అడుగు నుంచి తలెత్తి చూసి, గట్టున నిలబడ్డ రాజును ఎవరో సిపాయి అనుకుంది.

"ఏమయ్యా సిపాయీ! నడుముకున్న ఆ కత్తి సింగారానికా? దిగు!"

రాజు నవ్వాడు, దిగాడు. తాతల నాటి కత్తిని పగులులో దూర్చాడు. ఇద్దరూ కలిసి మీటారు. మొదటిసారి బండ కదల్లేదు. రెండోసారి కత్తి కిర్రుమంది. మూడోసారి కత్తి ఫట్‌మని విరిగింది, బండ దొర్లింది, నీళ్ళు ఎగజిమ్మాయి!

"గంగమ్మ తల్లీ!" ఊరు గంతులేసింది. రాజు దోసిలి పట్టాడు. జాలమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఆగు! మా ఆచారం తెలీదూ? ముందు పశువులు, తర్వాత పిల్లలు, ఆపైన ఊరు. తవ్వినవాళ్ళు ఆఖర్న."

"అదేం ఆచారం?"

"ముందు తాగితే నీ దాహమే తీరుతుంది. ఆఖర్న తాగి చూడు."

పైకి వచ్చాక ఊరిపెద్ద రాజును గుర్తుపట్టి చేతులు జోడించాడు. "జాలమ్మా, ఆయన రాజుగారే!"

"అయితే ఏం? తవ్వారుగా! ప్రభూ, ఆఖర్నే నిలబడండి."

రాజు నిలబడ్డాడు. దూడ తాగింది. పసిపిల్ల తాగింది. ముసలాయన గడ్డం తడుపుకుంటూ తాగాడు. ఒక్కొక్కరూ తాగుతుంటే, రాజు ఎండిన గొంతు దానంతట అదే చల్లబడింది. కట్టిన బండ్లు విప్పేశారు. చివరికి రాజు దోసిలి నిండింది. తాగి, చిన్నపిల్లాడిలా అరిచాడు.

"దొరికింది జాలమ్మా! ఇదే! ఇదే!"

అందరూ తాగాక తాగిన దోసెడు నీళ్ళే ఆనందం. దానికి రాజు ఇచ్చిన వెల తాతల నాటి కత్తి. అది మళ్ళీ అతకలేదు.