పెంకు విడిచిన పూట

గట్టమ్మకు మూడేళ్ళు. ఇంట్లోకి దిగగానే గుమ్మానికి తడిమట్టి ముద్ద అడ్డం పెట్టుకోవడం ఆమెకు అలవాటు.

ఆమె ఎండ్రకాయ. నల్లరేగడి పొలాల మధ్య ఎండిపోతున్న ఒక కుంట, ఆ కుంట గట్టులో ఆమె బొరియ. బొరియకు మెడ సన్నం, కడుపు వెడల్పు. ఎండాకాలం కావడంతో గట్టు పైన రాయిలా బిగిసింది. లోపల నీరు తగిలే చోట మాత్రం మట్టి ఇంకా వెన్నముద్దలా ఉంది.

ఆ ఉదయమే ఆమె పెంకు విడిచింది. ఎండ్రకాయకు ఒళ్ళు పెరుగుతుంది, పెంకు పెరగదు. ఇరుకైనప్పుడల్లా పాతదాన్ని చీల్చుకుని బయటపడాలి. బయటపడ్డాక కొన్నాళ్ళు ఒళ్ళంతా జున్నుముక్క. డెక్కలుంటాయి, పట్టు ఉండదు.

ఆ పూట మట్టిముద్దకు బదులు పాత పెంకునే గుమ్మంలో నిలబెట్టింది, చూసినవాళ్ళు తానే కాపలా కూర్చుందనుకోవాలని.

పక్కనే నీళ్ళలో ఉన్న బోదురుకప్ప, బోదురమ్మ, గొణిగింది. "తినేయవే దాన్ని. కొత్త పెంకుకు సున్నం పడుతుంది."

"ముందు ప్రాణం వదినా. సున్నం తర్వాత."

మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఆ బుద్ధి నాలుగు కాళ్ళతో గట్టు దిగి వచ్చింది. పేరు జంబయ్య, జాతి నక్క. వాసన చూశాడు. పెంకును కాలితో తట్టాడు. అది దొర్లి నీళ్ళలో పడింది. డొల్ల.

"అరెరే, మరదలు చీర మార్చుకుంటోందా?"

గట్టమ్మ లోపలికి జరిగింది.

"బావ వస్తే మొహం చాటేస్తావేం? ఇన్నాళ్ళూ ఎంత కరకుగా ఉండేదానివి! దగ్గరికొస్తే డెక్క చూపించేదానివి. ఆడదన్నాక ఇదిగో, ఇట్లా మెత్తగా ఉండాలి."

మెత్తదనాన్ని మెచ్చుకునేవాళ్ళ పళ్ళు మాత్రం ఎప్పుడూ గట్టిగానే ఉంటాయి.

"నా మెత్తదనంతో నీకేం పని?"

"కాపలా కాస్తాను. నీకిప్పుడు మగదిక్కు కావాలి."

అంటూనే మూతి దూర్చబోయాడు. పట్టలేదు. గోళ్ళతో తవ్వబోయాడు. గట్టు పెళ్ళ రాలలేదు, గోరు చిట్లింది. దాంతో గొంతు మారింది.

"సరే. నా మూతి పట్టదు గానీ కొంగ ముక్కు పడుతుంది. అదిగో, అవతలి గట్టున ఒంటికాలి మీద జపం చేస్తోంది. పిలవమంటావా?"

కొంగ వస్తే తాను మిగలదని గట్టమ్మకు తెలుసు. కొంగ వస్తే తనకేమీ మిగలదని జంబయ్యకూ తెలుసు.

"పిలవకు. నేనే వస్తాను. కానీ కాళ్ళు నిలవడం లేదు."

జంబయ్యకు నోరూరింది. బొరియలో తోక పెట్టడం, ఎండ్రకాయ కోపంతో పట్టుకోవడం, లటుక్కున పైకి లాగడం, ఇదీ నక్కల వేట. తాత అట్లాగే పట్టాడు, తండ్రి అట్లాగే పట్టాడు. ఇంకో పద్ధతి ఉండొచ్చని జంబయ్యకు తోచనే లేదు.

"తోక దింపుతున్నా. పట్టుకో."

"నేను చెప్పేదాకా లాగకు బావా. నా చేతులు మీగడలా ఉన్నాయి. తొందరపడ్డావో, చేతులు ఊడొస్తాయి, ఒళ్ళు లోపలే ఉండిపోతుంది. ఆ రెండు పుల్లలు నీ పంటికిందికైనా రావు."

జంబయ్యకు మొత్తం కావాలి. కాబట్టి బొరియకు వీపు పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

గట్టమ్మ అడుగు నుంచి మట్టి తోడింది. మెత్తని చేతులతో గట్టిదాన్ని ఏమీ చేయలేం. మెత్తనిదాన్ని మాత్రం ఎటు కావాలంటే అటు మలచుకోవచ్చు. తోక వెంట్రుకల మధ్య ముద్ద దూర్చి, దాని మీద ఇంకో ముద్ద అద్ది, బొరియ మెడ దాకా నింపుకుంటూ వచ్చింది. వాడు ఒక్కసారి విదిలిస్తే కొత్త చర్మం చీరుకుపోతుంది. ప్రతి ముద్దనూ తోక కదలనంత మెల్లగా ఒత్తింది.

"చల్లగా ఉందేమిటి?"

"నా చేతులు. పెంకు లేని చేతులు చల్లగానే ఉంటాయి."

"బరువుగా కూడా ఉంది."

"ఏమనుకున్నావు? ఏడాదంతా తిని పెంచిన ఒళ్ళు."

"ఆహా!" అన్నాడు జంబయ్య, పెదాలు నాక్కుంటూ.

అంతలో బోదురమ్మ అరిచింది. "కొంగ ఇటు తిరిగిందే!"

జంబయ్య ఉలిక్కిపడ్డాడు. తోక కదిలింది. "లాగేస్తున్నా!"

గట్టమ్మ చేతిలో ముద్దను అట్లాగే అదిమిపట్టింది. "లాగు. చేతులు నువ్వు తిను, ఒళ్ళు కొంగకు వదిలెయ్."

ఆగాడు.

పొద్దెక్కింది. ఎండ గుమ్మం మీద నిలిచింది. నల్లగా ఉన్న మట్టి బూడిదరంగుకు తిరిగింది, అంచులు తెల్లబడ్డాయి. పొద్దున ముద్ద, మధ్యాహ్నానికి ఇటుక.

"అబ్బ, బిగుసుకుంది. పట్టు దొరికినట్టేనా?"

"దొరికింది బావా. ఇప్పుడు లాగు."

లాగాడు. రాలేదు. కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. కళ్ళలో నీళ్ళొచ్చాయి గానీ తోక రాలేదు.

"వదులు! వదలవే!"

"నేను పట్టుకుంటే కదా వదలడానికి?"

"ఇందాక మెత్తగా ఉన్నావుగా!"

"ఇందాక మట్టీ మెత్తగానే ఉంది."

గట్టు అవతల కుక్కలు మొరిగాయి. నీళ్ళకు వచ్చే గేదెల వెంట రోజూ వచ్చే కుక్కలే. మొరుగుడు దగ్గరైంది. జంబయ్య కళ్ళు మూసుకుని, ఊళపెట్టి, ఒక్క గుంజు గుంజాడు. సగం తోక గుమ్మంలోనే ఉండిపోయింది. మిగతా నక్క పొలాలకు అడ్డంపడి పరిగెత్తింది.

బోదురమ్మ వెనక నుంచి కేకేసింది. "బెంగపడకు అబ్బాయ్! నేనూ తోకతో పుట్టినదాన్నే. ఊడిపోయాకే బుద్ధిగా బతుకుతున్నా!"

తర్వాత బొరియ వైపు తిరిగింది. "పొద్దున్నే నక్కతోక తొక్కావే గట్టమ్మా."

"తొక్కలేదు వదినా. పూడ్చాను."

మెత్తదనం ఒక పూట మాటే, పుట్టుక కాదు.

గట్టమ్మ ఆ గుమ్మం మళ్ళీ తెరవలేదు. ఒళ్ళు గట్టిపడ్డాక నీటివైపు ఇంకొకటి తవ్వుకుంది. మరుసటేడు పెంకు విడిచినప్పుడు దాన్ని లోపలే కూర్చుని తినేసింది.