మల్లరౌతును చంపిందెవరు

వెదురుకోట రాజు కేతభూపతికి ముసురు పట్టిందంటే ఏమీ తోచదు. వేటకు వెళ్ళే దారుండదు, చదరంగం రెండాటలకే విసుగొస్తుంది. అలాంటి రోజుల్లో ఆయనకో హత్య దొరికింది.

ఆస్థాన వేటగాడు మల్లరౌతు ఒంటరిగా అడవికి వెళ్ళి తిరిగి రాలేదు. వెతకబోయిన భటులకు ఎర్రటి మరకల తలపాగా, విరిగిన బల్లెం, ఒంటి చెప్పు దొరికాయి. అక్కడికి దగ్గర్లో తేనె తీస్తున్న బయ్యన్న అనే చెంచు కూడా దొరికాడు. అతన్నీ కట్టి తెచ్చారు. శవం మాత్రం దొరకలేదు. ఏ పులో ఈడ్చుకుపోయి ఉంటుందని అందరూ సరిపెట్టుకున్నారు.

"ఈసారి తలారి వద్దు. విచారణ నా సభే చేస్తుంది. హంతకుణ్ణి తేల్చినవాడు ఏం కోరితే అది ఇస్తాను," అన్నాడు రాజు.

అంతే. పుట్టి బుద్ధెరిగి ఊరి పొలిమేర దాటనివాళ్ళు కూడా ఆ పూటకి అడవి ఆనవాళ్ళలో ఆరితేరిపోయారు.

రాజుకు కాలక్షేపం కబుర్లు చెప్పే తిప్పన ఒక స్తంభానికి ఆనుకుని వింటున్నాడు.

ముందు దళవాయి లేచి బల్లెం ముక్కలు చూపించాడు. "ఇది ఒక్కడు విరిచింది కాదు ప్రభూ. పొరుగు రాజు దండు మన అడవిలోకి వచ్చింది."

"దండు నడిస్తే గడ్డి నలగదా?" అన్నాడు వైద్యుడు.

"మెత్తగా నడిచారు."

వైద్యుడు పెదవి విరిచి తలపాగా అందుకుని వాసన చూశాడు. "పిత్తప్రకృతి మనిషి నెత్తురు. మల్లరౌతుది అదే ప్రకృతి. ఇది విషపు బాణం పని." అంటూ బట్టను నలిపేసరికి వేలికేదో గుచ్చుకుంది. "చూశారా, ఆ విషమే," అని చెయ్యి కడుక్కోవడానికి పరిగెత్తాడు.

ఇక జ్యోతిష్కుడు చెప్పు ముందు పెట్టుకుని వేళ్ళు లెక్కించాడు. "దీని మొన దక్షిణానికి ఉంది. యముడి దిక్కు. హంతకుడిది మూలా నక్షత్రం."

"చెప్పు ఎటు తిరిగి ఉందో భటులు చూడలేదన్నారే," అన్నాడు దళవాయి.

"వాళ్ళు చూడకపోతే దిక్కు మారిపోతుందా?"

ఇలా మధ్యాహ్నం దాకా సాగింది. ముగ్గురికీ ఒక్క మాటలో పొత్తు కుదరలేదు. కుదిరింది ఒక్కటే: చంపినవాడు బయ్యన్న. ఎందుకంటే, కట్టేసి ఉన్నవాడు అతనొక్కడే.

"అయితే రేపు కొరత వేయించండి," అన్నాడు రాజు ఆవలిస్తూ.

తిప్పన స్తంభం వదిలి ముందుకొచ్చాడు. అంత సేపట్లో కట్టేసి ఉన్నవాణ్ణి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

"ఏం బయ్యన్నా, నువ్వేం చూశావు?" అన్నాడు.

"ఎలుగు ఎదురైంది దొరా. దొరవారు ఒక పక్కకి ఉరికారు, ఎలుగు ఇంకో పక్కకి ఉరికింది. భటులకు చెప్తే తన్నారు."

సభ గొల్లున నవ్వింది. "శార్దూలమర్దన బిరుదున్నవాడు ఎలుగును చూసి పారిపోయాడా? ఇంత అబద్ధం ఆడేవాడు హత్య చెయ్యడా?" అన్నాడు దళవాయి.

తిప్పన తలపాగా తీసుకుని చూశాడు. బట్ట నిండా సన్నటి నూగుముళ్ళు. మరక నాగజెముడు పండు రంగులో ఉంది. ఆ మాట చెప్తే ముగ్గురూ కలిసి దానికీ ఒక నక్షత్రం అంటగడతారని తెలిసి ఊరుకున్నాడు. మల్లరౌతు సంగతి అతనికి బాగా తెలుసు. సిగ్గుతో దాక్కున్న మనిషిని బయటికి లాగాలంటే అంతకంటే పెద్ద సిగ్గు కావాలి.

"ప్రభూ, చనిపోయినవాడి బిరుదు ఖాళీగా ఉంటే రాజ్యానికి అరిష్టం. రేపు సభలో దాన్ని ఆయన బావమరిది చెన్నప్పకు కట్టబెడుతున్నామని ఊరూరా దండోరా వేయించండి. శిక్ష ఆ తరవాత," అన్నాడు.

రాజుకు వేడుక అంటే ప్రాణం. సరేనన్నాడు.

మర్నాడు చెన్నప్ప మీసానికి సంపెంగ నూనె రాసుకుని వచ్చి నిలబడ్డాడు. వందిమాగధులు పద్యాలు ముగించారు. రాజు గండపెండేరం చేతిలోకి తీసుకున్నాడు. తిప్పన చూపు వాకిలి మీదే ఉంది. పొరపాటు పడ్డానా అనుకున్నాడు. మూల నిలబెట్టిన బయ్యన్న వైపు చూడలేకపోయాడు.

అప్పుడు వాకిట్లో గలాభా అయింది. మొహమంతా గీరుకుపోయిన మనిషొకడు భటుల్ని తోసుకుంటూ కుంటుతూ వచ్చాడు.

"నేను బతికుండగా నా బిరుదు ఈ చెన్నప్పకా? బల్లిని చూస్తే మంచమెక్కే చెన్నప్పకా?"

మల్లరౌతే. ఎలుగు సంగతి కాసేపు దాటేసి, చివరికి నాగజెముడు పొదలో పడ్డానని, మొహం చూపించలేక గొర్రెల దొడ్లో దాక్కున్నానని ఒప్పుకున్నాడు.

రాజు ముగ్గురి వైపూ తిరిగాడు.

జ్యోతిష్కుడు తడబడలేదు. "గ్రహాల లెక్కన ఈయన పోయాడు ప్రభూ. ఇది ప్రేతం కావచ్చు."

వైద్యుడు నాడి పట్టుకుని చూశాడు. "కొట్టుకుంటోంది. అంత నెత్తురు పోయాక కొట్టుకోకూడదు."

"శత్రువుల వేగు, మారువేషం," అన్నాడు దళవాయి.

మల్లరౌతు తన చేతులు తనే తడిమి చూసుకున్నాడు.

"ఇక హంతకుడు లేడన్నమాట," అన్నాడు రాజు కాస్త దిగులుగా.

"ఉన్నారు ప్రభూ," అన్నాడు తిప్పన.

"ఎక్కడ?"

"అడవిలో ఈయన్నెవరూ చంపలేదు. చంపింది ఈ సభలో, ఈ ముగ్గురే. లేచి వచ్చినా బతకనివ్వడం లేదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, "ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"బయ్యన్నకు కట్లు విప్పించండి. పాపం, తన్నులు తిని ఉన్నాడు, అడవి దాకా పల్లకీలో పంపించండి."

"ఈ వానలో బోయీలెవరు వస్తారు?"

తిప్పన ఆ ముగ్గుర్నీ, పక్కనున్న మల్లరౌతునూ ఒక్కొక్కరినే చూశాడు.

"లెక్కకు సరిగ్గా నలుగురున్నారు ప్రభూ. పైగా వీళ్ళకి అడవిలో ప్రతి గుర్తూ తెలుసు, దారి తప్పరు."

సభంతా నవ్వుతుండగానే పల్లకీ వచ్చింది. దళవాయి ముందు కొమ్ము పట్టుకున్నాడు.